బరువు తగ్గే నెలల్లో ఉన్న బట్టలతోనే సర్దుకోవడం ఎలా?

మన వరంగల్, హనుమకొండల్లో వడ్డేపల్లి చెరువు కట్ట మీద, భద్రకాళి చెరువు దగ్గర, సుబేదారి ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్‌లో పొద్దున్నే నడిచేవాళ్ళు చాలామందే కనిపిస్తారు. రాత్రి అన్నం మానేసి జొన్నరొట్టెకు మారినవాళ్ళు మన ఇళ్ళల్లోనే ఉన్నారు. ఎంత నడవాలి, ఏం తినాలి అని చెప్పేవాళ్ళకు కొదవ లేదు. కొన్ని నెలలు గడిచాక వచ్చే ఇంకో చిక్కు గురించి మాత్రం ఎవరూ మాట్లాడరు. ప్యాంటు నడుము మీద నిలవదు. జాకెట్ మెడ భుజం మీంచి జారుతుంది. ఆఫీసుకు వేసుకెళ్ళే కుర్తీ వదులై వేలాడుతుంది. కొత్తవి కొనాలంటే, ఇంకా తగ్గాల్సి ఉంది కదా అని మనసొప్పదు.

దారిలో కలిసిన చుట్టాలు చూసి "ఏమైంది బిడ్డా, గింత బక్కగైనవ్, పానం మంచిగుంటలేదా?" అని అడుగుతారు. వాళ్ళ తప్పేం లేదు. ఒంటికి పట్టని బట్టలు మనిషిని నీరసంగా చూపిస్తాయి. కష్టపడి తగ్గిన మనిషి ఆరోగ్యంగా కనబడాలంటే, బరువు పూర్తిగా తగ్గేదాకా ఆగాల్సిన పని లేదు. తగ్గుతున్న రోజుల్లోనే బట్టలు ఒంటికి కుదరాలి, అదీ పెద్దగా ఖర్చు లేకుండా.

దీనికి నేను నమ్మే సూత్రం ఒక్కటే: తగ్గుతున్నంత కాలం బట్టకు కత్తెర పెట్టకూడదు. ఈ నెలల్లో వేసే ప్రతి కుట్టూ రేపు విప్పుకోవడానికి వీలుగా ఉండాలి. కత్తిరించడం, కొత్తవి కుట్టించుకోవడం, పాతవి ఇచ్చేయడం అన్నీ బరువు నిలిచాకే.

పనిలోకి దిగేముందు ఒక మాట. ఇదంతా కావాలని తగ్గుతున్నవాళ్ళ కోసం. తిండి మార్చకుండా, నడక లేకుండా బట్టలు వాటంతట అవే వదులవుతుంటే టైలర్ దగ్గరికి కాదు, డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి. ఆరు నెలల నుంచి ఏడాది లోపు ఒంటి బరువులో 5 శాతం కారణం లేకుండా తగ్గితే పరీక్షలు చేయించుకోవాల్సిందే. షుగరు, థైరాయిడ్, టీబీ లాంటివి ఇలాగే మొదలవ్వచ్చు.

1. టేపు కొనండి, కొలతలు రాయండి

టైలర్లు వాడే మెత్తటి టేపు ఏ ఫ్యాన్సీ షాపులోనైనా దొరుకుతుంది. నెలకోసారి, పొద్దున ఏమీ తినకముందు కొలుచుకోండి. ఛాతీ, ఛాతీ కింద, నడుము, తుంటి, పై చేయి, తొడ. నడుమంటే మీరు చీర కట్టే చోట లేదా ప్యాంటు నిలిచే చోట. తుంటి అన్నిటికంటే వెడల్పుగా ఉన్న దగ్గర. టేపు బిగించొద్దు, లోపల ఒక వేలు దూరాలి. కాగితం మీద తేదీ వేసి రాసి బీరువా తలుపు లోపలి వైపు అతికించండి.

బట్టల విషయంలో తూకం కన్నా ఈ కాగితమే ఎక్కువ పనికొస్తుంది. ఒక్కోసారి బరువు కదలకపోయినా నడుము తగ్గుతుంది. ఇంకోసారి ఉప్పు ఎక్కువ తిన్నందుకో, నెలసరి ముందు ఒళ్ళు నీరు పట్టినందుకో నడుము కొద్దిగా పెరిగినట్టు కనబడుతుంది. అందుకే ఒక చోట 2 ఇంచులు తగ్గిందని రెండుసార్లు కొలిచి రూఢి అయ్యేదాకా ఏ బట్ట జోలికీ పోకండి.

ఇంకో లెక్క కూడా చూడండి. డాక్టర్లు సాధారణంగా వారానికి అర కిలో నుంచి కిలో వరకు తగ్గడం మంచిదంటారు. చాలామందికి 5 కిలోలు తగ్గితే నడుము దాదాపు 2 ఇంచులు, అంటే ఒక సైజు మారుతుంది. అంటే ఇవాళ సరిగ్గా పట్టిన ప్యాంటు నెల నుంచి రెండున్నర నెలల్లో వదులవుతుంది. మధ్యలో కొన్న ప్రతి బట్ట ఆయుష్షూ అంతే. జేపీఎన్ రోడ్డులో డిస్కౌంట్ బోర్డు కనబడినప్పుడు ఈ లెక్క గుర్తు చేసుకోండి. "తగ్గాక వేసుకుంటా"నని ముందే చిన్న సైజు కొని పెట్టుకోవడం కూడా నాకు నచ్చదు. ఒళ్ళు అన్ని చోట్లా ఒకేలా తగ్గదు. నడుముకు సరిపోయింది తొడల దగ్గర పట్టేస్తే ఆ డబ్బు పోయినట్టే.

2. బీరువా మొత్తం ఖాళీ చేయండి

ఒక ఆదివారం పెట్టుకోండి. బట్టలన్నీ మంచం మీద వేసి మూడు కుప్పలు చేయండి.

మొదటి కుప్పలో ఒంటిని బట్టి అవే సర్దుకునేవి: చీరలు, నాడా లంగాలు, నాడా ఉన్న సల్వార్లు, లుంగీలు, పంచెలు, నైటీలు, చున్నీలు. వీటితో దిగులు లేదు. రెండో కుప్పలో కుట్టు లోపలికి వేసుకోగలిగినవి: జాకెట్లు, కుర్తీలు, చొక్కాలు, ఫార్మల్ ప్యాంట్లు. మూడో కుప్పలో సర్దుబాటుకు లొంగనివి: బ్రాలు, సాగిపోయిన లెగ్గింగులు, సూట్ కోట్లు, షేర్వానీలు. జీన్సు రెండుకూ మూడుకూ మధ్యన ఉంటుంది, దాని సంగతి తర్వాత.

ఇక్కడితో ఆపొద్దు. సజ్జ మీద సూట్‌కేసు దించండి. బీరువా అడుగు అరలో, మంచం కింది పెట్టెలో పట్టక పక్కన పడేసిన పాత బట్టలుంటాయి. పెళ్ళైన కొత్తలో కుట్టించిన డ్రెస్సులు, కాలేజీ రోజుల చొక్కాలు, పిల్లలు పుట్టకముందు జాకెట్లు. మన ఇళ్ళల్లో అంత తేలిగ్గా ఏదీ పారేయం, ఇప్పుడు ఆ అలవాటు అక్కరకొస్తుంది. రాబోయే ఆర్నెల్ల బట్టల షాపు అదే అనుకోండి.

ప్రతిదీ తొడిగి చూస్తూ కూర్చుంటే అలసిపోతారు. బట్టను పరుపు మీద సాపుగా పరిచి చంక కింద ఈ చివర నుంచి ఆ చివరకు కొలిచి రెండింతలు చేయండి. అది బట్ట ఛాతీ కొలత. దాంట్లోంచి మీ ఛాతీ కొలత తీసేస్తే ఎంత వదులో తెలుస్తుంది. జాకెట్‌కు 1 ఇంచు వదులు చాలు. కుర్తీకి 3, 4 ఇంచులుంటే బాగుంటుంది, 6 దాకా వేసుకోవచ్చు, 8 దాటితే వేలాడుతుంది. మగవాళ్ళ చొక్కాకు 4, 5 ఇంచుల వదులు మామూలే. కొలత చిన్న చీటీ మీద రాసి పిన్నుతో బట్టకు గుచ్చి, పెద్ద సైజు నుంచి చిన్న సైజు వరకు వరసగా పెట్టండి. ఒక్కో నెల గడిచేకొద్దీ వరసలో తర్వాతిది అందుకుంటూ పోవచ్చు.

పాతవాటిని వాడేముందు కొంచెం పరిశీలించండి. ఎలాస్టిక్ ఎండిపోయి పటపటమంటుంటే మార్చాలి. హుక్కులు తుప్పు పట్టి ఉంటే అవి తీసేదాకా ఉతకొద్దు, మరక పడుతుంది. పట్టు బట్ట ఏళ్ళ తరబడి ఒకే మడత మీద ఉంటే ఆ మడత దగ్గర చిరుగుతుంది, మెల్లగా విప్పి నీడన ఆరేయండి.

3. వారానికి ఎన్ని జతలు కావాలో తేల్చండి

అన్నీ సరిచేయాలనుకోవడమే చాలామంది చేసే పొరపాటు. డ్యూటీకి, కాలేజీకి మూడు నాలుగు జతలు బాగుంటే ఉతికి తిప్పుకోవచ్చు. ఒక ఫంక్షన్ జత, రెండు ఇంటి జతలు, నడకకు ఒకటి. సరిచేసేది వీటినే. మిగతావన్నీ సంచిలో కట్టి సజ్జ ఎక్కించండి.

యూనిఫాం ఉన్నవాళ్ళు అదే ముందు చూసుకోవాలి. ఆర్టీసీ ఖాకీ అయినా, నర్సు డ్రెస్సు అయినా, గోదావరిఖని, భూపాలపల్లి గనుల్లో డ్యూటీ బట్టలైనా వదులుగా ఉంటే చూపుకే కాదు, పనికీ అడ్డం. మిషన్ల దగ్గర వదులు చేతులు, వేలాడే అంచులు ప్రమాదం.

4. ఇంట్లో చేసుకునే మార్పులు

సూది దారం పట్టడం వస్తే సగం పని ఇంట్లోనే అయిపోతుంది.

చీర కట్టేవాళ్ళు అదృష్టవంతులు. 5.5 మీటర్ల చీర ఏ ఒంటికైనా చాలుతుంది. తుంటి 4 ఇంచులు తగ్గితే చుట్టలో మిగిలే గుడ్డ ఓ కుచ్చిలికి సరిపోతుంది. ఒక కుచ్చిలి ఎక్కువ పెట్టండి, లేదా పైట ఆ మేర పొడుగు వదలండి. ఇబ్బంది చీర కింద లంగాతో వస్తుంది. నాడా లాగి కట్టేసరికి గుడ్డంతా బొడ్డు దగ్గర ముద్దగా చేరి, చీర కుచ్చిళ్ళు ఉబ్బుతాయి. ఆ ముడతలను చేత్తో నడుము చుట్టూ సమంగా జరిపి కట్టుకోండి. అయినా ఉబ్బుతుంటే లంగా తిరగేసి, రెండు పక్కల కుట్లకు నాడా మడత కింద నుంచి ఓ జానెడు వరకు, పైన వెడల్పుగా కిందికి సన్నగా, కొత్త కుట్టు వేయండి. లంగా కిందికి జారి నేలకు తగులుతుంటే అడుగు అంచును ఓ ఇంచు పైకి మడిచి కచ్చా కుట్టు (తర్వాత తేలిగ్గా విప్పుకునే ఎడం కుట్టు) వేయండి. ఇది అందరూ మరిచిపోతారు: నడుము తగ్గితే లంగా, ప్యాంటు కొంచెం కిందికి దిగుతాయి, అంచు నేలను రాసుకుని చిరుగుతుంది.

జాకెట్ దగ్గర తొందరొద్దు. ముందు తిరగేసి చూడండి. పక్క కుట్టు దగ్గర లోపల వదిలిన గుడ్డ, దాని మీద రెండు మూడు వరసల కుట్లు కనబడతాయి. లావెక్కితే విప్పడానికి టైలర్లు వదిలేది ఇదే. మీకిప్పుడు కావాల్సింది ఆ వరసలకు లోపలి వైపున మరొకటి. లెక్క ఇలా ఉంటుంది: ఒక పక్క కుట్టును అర ఇంచు లోపలికి వేస్తే ముందు గుడ్డ అర, వెనక గుడ్డ అర తగ్గుతాయి. అంటే ఆ పక్క 1 ఇంచు. రెండు పక్కలా వేస్తే చుట్టుకొలత 2 ఇంచులు తగ్గుతుంది. అర ఇంచు చిన్నదిగానే కనిపిస్తుంది కానీ ఫలితం నాలుగింతలు, అందుకే ఒకేసారి ఎక్కువ లోపలికి పోవద్దు.

జాకెట్‌ను తిరగేసి వేసుకోండి. ఇంట్లో ఎవరినైనా పిలిచి రెండు పక్కలా సమంగా పిన్నులు పెట్టించుకోండి. అరిగిన సబ్బు ముక్కతో పిన్నుల వెంట గీత గీసి, విప్పి, గీత మీద చేత్తో కచ్చా కుట్టు వేయండి. చేతి అంచు దగ్గర మొదలుపెట్టి చంక దాటి కింది దాకా ఒకే గీతలా రావాలి. చంక దగ్గర విరిగితే ముడత పడుతుంది. ఇప్పుడు సరిగ్గా తొడిగి చేతులు పైకెత్తండి, కూర్చోండి, ఊపిరి నిండా పీల్చండి. ఎక్కడా పట్టకపోతే మిషన్ మీద పెద్ద కుట్టు పెట్టి వేయండి. పెద్ద కుట్టు ఎందుకంటే, రేపు విప్పేటప్పుడు ఒక కొన కోసి లాగితే దారం తేలిగ్గా వస్తుంది, గుడ్డ చిరగదు. పట్టుకు 9 లేదా 11 నంబరు సూది, కాటన్‌కు 14, జీన్సుకు 16 పెట్టుకోండి. పట్టు మీద మందం సూది పోతే రంధ్రాలు నిలిచిపోతాయి.

మొత్తం 2, 3 ఇంచులు మించి ఇలా తగ్గించలేరు. అంతకు మించితే డాట్లు (ఒంటి వంపుకు గుడ్డను మడిచి వేసే కుట్లు) పక్కకు జరుగుతాయి, మెడ వెడల్పవుతుంది. మెడ ఒక్కటే జారుతుంటే వెనక భుజాల దగ్గర డోరీ కట్టించండి, భుజాలు నిలుస్తాయి. మధ్యస్థంగా వదులైతే హుక్కులు తగిలే కాజాలను అర ఇంచు లోపలికి జరిపి కుట్టుకోవచ్చు, అది పది నిమిషాల పని.

కుర్తీకి అన్నిటికన్నా మంచి ఉపాయం వెనక బొందులు. అదే రంగు గుడ్డతో ఇంచున్నర వెడల్పు, మూరెడు పొడుగు బొందులు రెండు కుట్టండి. నడుము దగ్గర పక్క కుట్టును ఒక ఇంచు మేర విప్పి, బొందు కొన లోపల పెట్టి తిరిగి కుట్టేయండి. వెనక ముడి వేస్తే ఇవాళ ఎంత నడుము ఉంటే అంతకు కుదురుతుంది, వచ్చే నెల ఇంకొంచెం బిగించుకోవచ్చు. ఏదీ విప్పనక్కర్లేదు, కోయనక్కర్లేదు. బొందులు నచ్చనివాళ్ళు వెనక వీపు మధ్య నుంచి తుంటి దాకా నిలువుగా రెండు డాట్లు, ఒక్కోటి అర ఇంచు లోతుతో, వేయించుకోవచ్చు. దాంతో 2 ఇంచులు లోపలికి పోతాయి.

లెగ్గింగు, ట్రాక్ ప్యాంటు నడుముకు ఎలాస్టిక్ దూర్చిన మడతలో ఒక ఇంచు కుట్టు విప్పండి. ఎలాస్టిక్‌ను బయటికి లాగి కోయకుండా 2 ఇంచులు ఒకదాని మీద ఒకటి పెట్టి కుట్టండి. లాగేముందు రెండు పక్కలా పిన్నీసు గుచ్చితే ఎలాస్టిక్ లోపలికి జారిపోదు. ఎలాస్టిక్ పట్టు తప్పిపోయి ఉంటే కొత్తది దూర్చండి, ప్యాంటు కొనడం కన్నా ఎంతో చవక.

వదులు బట్టలతో పని చేసేటప్పుడు రెండు జాగ్రత్తలు. పొయ్యి దగ్గర చేతులు మడుచుకోండి. స్కూటీ మీద వెళ్ళేటప్పుడు చున్నీ, వదులు కుర్తీ అంచు చక్రం వైపు వేలాడకుండా ముడేసుకోండి, చక్రంలో చున్నీ చుట్టుకుని ప్రాణాల మీదికి వచ్చిన సంఘటనలు మనం వింటూనే ఉన్నాం. ఎండాకాలంలో మాత్రం కొంచెం వదులుండటమే మేలు. మే నెలలో మన దగ్గర ఎండలు 44 డిగ్రీలు దాటే రోజులుంటాయి, అప్పుడు కాటన్ కుర్తీ బిగించుకోవాల్సిన పని లేదు.

5. టైలర్‌కు ఏం చెప్పాలి

టైలర్‌కు "ఫిటింగ్ చెయ్యి" అని ఇచ్చేసి వస్తే, చాలాసార్లు అతను కొత్త కుట్టు వేసి, మిగిలిన గుడ్డ కత్తిరించి ఓవర్‌లాక్ చేసేస్తాడు. అతని లెక్కలో అదే నీట్ పని. మీకు మాత్రం దారి మూసుకుపోతుంది. కొంత బరువు తిరిగి రావడం చాలామందికి జరిగేదే, అప్పుడు విప్పడానికి గుడ్డ ఉండదు. అందుకే ఇచ్చేటప్పుడే చెప్పండి: "అన్నా, గుడ్డ కొయ్యకు. కుట్టు ఒక్కటి లోపల్కి వెయ్యి, పెద్ద కుట్టు పెట్టు. ఇంకా తగ్గుతున్న, మళ్ళ విప్పుడుంటది." చీటీ మీద కూడా రాయించండి, కుట్టేది ఇంకో మనిషి కావచ్చు.

ఇంకొకటి, ఆది జాకెట్. ఎన్నో ఏళ్ళుగా ఒకే ఆది ఇచ్చి కుట్టించుకుంటుంటాం. తగ్గుతున్నప్పుడు ఆ ఆదికి విలువ లేదు. అది ఇస్తే పాత ఒంటికే కుట్టి పంపిస్తారు. నిలబడి ఒంటి కొలతలు ఇవ్వండి, కుదరకపోతే బీరువా తలుపు మీద రాసుకున్నవి చూపించండి.

ఉతికి ఇస్త్రీ చేసిన బట్టలే పట్టుకెళ్ళండి. అన్నీ ఒకేసారి ఇవ్వకుండా ఒకటి ఇచ్చి, వేసుకుని చూసి, బాగుంటే మిగతావి ఇవ్వండి.

మగ్గం వర్కు జాకెట్ విషయంలో మరింత జాగ్రత్త. దాని మీద పెట్టిన డబ్బు, నెలల తరబడి దాచుకున్న మక్కువ రెండూ ఉంటాయి. వర్కు మెడ చుట్టూ, చేతుల మీద, వీపు మీద ఉంటుంది కాబట్టి పక్క కుట్టు దగ్గర మాత్రమే ముట్టుకోనివ్వండి. చేతి వర్కు అంచు పక్క కుట్టు దాకా వచ్చి ఉంటే, చేతి కుట్టు లోపలికి వేసినప్పుడు పూసలు, స్టోన్లు సూది కింద పడి పగులుతాయి. కుట్టు వచ్చే దారిలో ఉన్న పూసలను ముందే తీసి, దారం కొనను వెనక ముడేయించాలి. లైనింగ్, కప్పులు ఉంటే వాటినీ సమంగా లోపలికి తీసుకోవాలి, లేకపోతే పైగుడ్డ సాఫీగా ఉన్నా లోపల ముద్దవుతుంది. ఇది అందరు టైలర్లకూ రాదు. మగ్గం పని చేయించిన చోటే అడగడం మంచిది.

భుజం కుట్టు అసలు భుజం మీంచి ఓ ఇంచు కిందికి జారిందంటే ఆ బట్టకు పక్క కుట్లు సాయపడవు. భుజం విప్పి చేయడమంటే కొత్తది కుట్టినంత పని. దాన్ని పక్కన పెట్టేయండి.

6. ప్యాంట్లు, చొక్కాలు

మగవాళ్ళ ఫార్మల్ ప్యాంటుకు వెనక మధ్యలో కుట్టు ఉంటుంది. టైలర్ కుట్టిన ప్యాంటయితే అక్కడ లోపల గుడ్డ కూడా వదిలి ఉంటాడు. అక్కడ 2 ఇంచుల దాకా హాయిగా లోపలికి తీసుకోవచ్చు. అంతకు మించితే వెనక జేబులు రెండూ దగ్గరకు జరిగి ఎబ్బెట్టుగా ఉంటుంది, అప్పుడు పక్క కుట్లు కూడా చూడాలి. జీన్సుకు నడుము పట్టీ విప్పాలి, ఆ మందం కుట్టు అందరి మిషన్లూ తీసుకోవు. తగ్గుతున్నంత కాలం బెల్టుతో గడిపేయడం మేలు. మడత పడకుండా ఉండాలంటే బటన్‌ను లోపలికి జరపొచ్చు, సూది లేకుండా గుచ్చుకునే జీన్స్ బటన్లు ఫ్యాన్సీ షాపుల్లో దొరుకుతాయి.

బెల్టుకు మేకు కాల్చి రంధ్రం పెట్టకండి, తోలు చుట్టూ చిట్లుతుంది. చెప్పులు కుట్టే అతని దగ్గర పంచ్ ఉంటుంది, ఓ ఇంచు ఎడంగా రెండు మూడు రంధ్రాలు వేయించుకోండి. కొన మరీ పొడుగైతే, బకిల్ విడదీసే రకం బెల్టులు బకిల్ వైపు నుంచే కోసుకోవచ్చు. ఇది ఒక్కటి కత్తెర పెట్టినా పర్వాలేదు, బెల్టు పొడుగు తగ్గాక కూడా బయటి రంధ్రాలు మిగులుతాయి.

చొక్కా వదులైతే ఇన్‌షర్ట్ చేసేటప్పుడు రెండు పక్కలా మిగిలిన గుడ్డను చిటికెతో పట్టి వెనక్కి మడిచి ప్యాంటులోకి దోపండి. ముందు సాపుగా ఉంటుంది. కుట్టించుకోవాలంటే చేతి అంచు నుంచి చంక దాటి కింది దాకా ఒకే కుట్టు, జాకెట్‌కు చెప్పినట్టే. కాలర్ వదులైతే చేసేదేం లేదు, పై బటన్ వదిలేయండి.

7. కొనక తప్పనివి

లోపలి బట్టల దగ్గర సర్దుకోవద్దు. నా మాట వింటే డబ్బు పెట్టాల్సింది ఇక్కడే. పైన ఎంత మంచి కుట్టు వేయించినా లోపల బ్రా వదులైతే జాకెట్ కుదరదు, వీపు, మెడ నొప్పులు కూడా వస్తాయి.

బ్రాకు వెనక మూడు వరసల హుక్కులు ఉంటాయి. కొత్తది బయటి వరసకు పెట్టుకోవాలి, సాగేకొద్దీ, మీరు తగ్గేకొద్దీ లోపలికి రావాలి. లోపలి వరసకు వచ్చాక కూడా పట్టీ కింద రెండు వేళ్ళు సులువుగా కదులుతూ, పట్టీ వీపు మీద పైకి ఎక్కుతుంటే కొత్తది కొనే సమయం. కొనేటప్పుడు పట్టీ కొలత చెప్పే నంబరు ఒక్కటే తగ్గించి, కప్పు చెప్పే అక్షరం అదే తీసుకుంటే కప్పు కూడా చిన్నదవుతుంది. 36 బి కప్పులో పట్టేదే 34 సి లో పడుతుంది. పట్టీ తగ్గి కప్పు సరిగ్గానే ఉంటే నంబరు తగ్గించి అక్షరం పెంచండి. ఒక్కో సైజుకు రెండు కొంటే చాలు, ఇంకో సైజు రావడం ఖాయం.

రెండోది, నలుపు లేదా బంగారు రంగు స్ట్రెచ్ జాకెట్ ఒకటి. సాగే గుడ్డ కాబట్టి ఒక సైజు తగ్గినా పట్టుకుంటుంది, చాలా చీరలకు కలుస్తుంది. మూడోది, నడకకు నాడా ఉన్న ట్రాక్ ప్యాంటు. ఇంతకు మించి నాకైతే అవసరం కనబడదు.

8. ఉంగరాలు

బట్టల హడావిడిలో పడి వీటిని మరిచిపోతారు. ఒళ్ళు తగ్గితే వేళ్ళూ సన్నబడతాయి. చలికాలం పొద్దున, చన్నీళ్ళలో ఇంకా సన్నబడతాయి. గిన్నెలు తోమేటప్పుడు, కాళేశ్వరంలో మునకలేసేటప్పుడు, మేడారం జాతరలో జంపన్న వాగు స్నానంలో జారిన ఉంగరం దొరకదు. ఉంగరం అడుగు వైపు దారం దగ్గర దగ్గరగా చుట్టి కుదర్చండి, లేదా దాని ముందు బిగుతైన ఇంకో ఉంగరం పెట్టండి. రెండూ కుదరకపోతే తీసి బీరువాలో పెట్టేయండి. కంసాలి దగ్గర సైజు తగ్గించడం బరువు నిలిచాకే. మెట్టెలు వెనక తెరిచి ఉండే రకమైతే మెల్లగా నొక్కి బిగించుకోవచ్చు.

9. బతుకమ్మ, పెళ్ళిళ్ళు

ఆల్టరేషన్‌కు కాలం చూసుకోవాలి. బతుకమ్మ, దసరా ముందు టైలర్లు కొత్త జాకెట్లతోనే మునిగి ఉంటారు, పాత జాకెట్‌ను పట్టించుకునే తీరిక ఉండదు. మాఘం, వైశాఖం పెళ్ళిళ్ళప్పుడూ అంతే. ఆషాఢంలో, పుష్యంలో పెళ్ళిళ్ళుండవు కాబట్టి అప్పుడు తీరిగ్గా కూర్చుని చేస్తారు. ఆషాఢంలో వేయించిన కుట్టు దసరాకు కొంచెం వదులవుతుంది, దాన్ని ఇంట్లో కాజాలు జరిపి సరిచేసుకోవచ్చు.

బతుకమ్మ ఆడేటప్పుడు ప్రతి అడుగుకూ వంగి చప్పట్లు కొడతాం. ఎంగిలిపూల నాడు వేయిస్తంభాల గుడి దగ్గర గంటల తరబడి ఆడాలి. అద్దం ముందు నిటారుగా నిలబడి చూసుకుంటే తెలియదు. జాకెట్ వేసుకుని వంగి, చేతులు ముందుకు చాపి పది చప్పట్లు కొట్టి చూడండి. మెడ ముందుకు జారినా, వీపు దగ్గర గుడ్డ లేచినా డోరీ బిగించాలి.

దగ్గరి పెళ్ళికి మంచి జాకెట్ కావాలంటే ముందు చెల్లెనో, వదిననో అడగండి. మీ ఇప్పటి సైజు వాళ్ళు ఇంట్లోనే ఒకరుంటారు. ఆ ఒక్క రోజుకు కొత్తది కుట్టించడం కన్నా ఇది మేలు. మీ పెద్ద సైజు పట్టు జాకెట్ వాళ్ళల్లో ఇంకొకరికి పనికి రావచ్చు కూడా.

10. బరువు నిలిచాక

రెండు మూడు నెలలు వరసగా కొలతలు మారకపోతే అప్పుడు కత్తెర పట్టండి. కచ్చా కుట్లు విప్పి, చిన్న కుట్టుతో పక్కాగా వేయించండి. కొత్త ఆది జాకెట్ కుట్టించి, పాత ఆదిని టైలర్ దగ్గర్నుంచి వెనక్కి తెచ్చేసుకోండి.

మిగిలినవాటిలో బాగున్నవి అవసరమైనవాళ్ళకు ఉతికి ఇస్త్రీ చేసి ఇవ్వండి. మెత్తబడ్డ కాటన్ చీరలు బొంత కుట్టించడానికి పనికొస్తాయి, చలికాలం దానికి సాటి లేదు. చిరిగినవి స్టీలు సామాన్ల అతనికి. పెద్ద సైజు జతలు రెండు మాత్రం ఉంచుకోండి. ఒంట్లో బాగోలేనప్పుడు, ఆపరేషన్ ఏదైనా అయితే వదులు బట్టే కావాలి.

కొత్తగా కుట్టించేవాటికి పక్క కుట్ల దగ్గర లోపల ఇంచున్నర గుడ్డ వదలమని, ప్యాంటు వెనక కుట్టుకూ అలాగే వదలమని గుడ్డ ఇచ్చేటప్పుడే చెప్పండి. కోసేశాక చెబితే లాభం లేదు.